కౌంటరుకు ఇవతలి వైపు

మందుల షాపుల్లో కూడా టీకాలు వేయొచ్చని అనుమతి వచ్చిన కొత్తలో, న్యూజిలాండ్‌లో లోవర్ హట్ అనే ఊళ్లోని మా షాపు తరఫున నన్ను శిక్షణకు పంపారు. మా ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. వెళ్లమన్నారు, వెళ్లాను.

నేర్పడానికి వచ్చినావిడ నర్సు. బల్లలన్నీ గోడకు చేర్చి, మధ్యలో కుర్చీలు వేసి టీకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి మేమందరం, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, తలా ఒక బల్ల లాక్కుని దాని వెనక నిలబడి ఉన్నాం.

"ఫార్మసిస్టులకు ముందు బల్ల లేకపోతే కాళ్లు నిలవవా?" అని నవ్వింది. మేమూ నవ్వాం. ఏళ్ల తరబడి కౌంటరు మీదుగా మందులు అందించినవాళ్లం. ఎవరి ఒంటిమీదా చెయ్యి వేసి ఎరగం.

స్పాంజి మీద సూది గుచ్చడం తేలిగ్గానే వచ్చింది. చివరి పరీక్ష మాత్రం మనిషి మీద, మా షాపులోనే, ఆ నర్సు వచ్చి చూస్తుండగా. నా భయం సూది గురించి కాదు. చివరి నెలల్లో మా ఆయన్ని లేపడం, పడుకోబెట్టడం అంతా ఈ చేతులతోనే. ఆయన పోయాక నేను ఎవరినీ తాకలేదు. ఎవరైనా చేయి కలపడానికి వస్తే సంచీ రెండు చేతులా పట్టుకునేదాన్ని. పరీక్షలో చెయ్యి ముందుకు రాకపోతే నేను తప్పినట్టే.

మా వీధిలో ఉండే వరంగల్ ఆంటీ తన చెయ్యి ఇస్తానంది. ఆవిడకు ఎలాగూ ఫ్లూ టీకా కావాలి. షాపు వెనక చిన్న గదిలో స్వెటర్ విప్పి కూర్చుంది. జ్వరం ఉందా, అలర్జీలున్నాయా అని అడగవలసినవన్నీ అడిగాను. అయిపోయాక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

"లేవని చెప్పిన గదా. మల్ల అడుగుతవేంది? నా పెండ్లిచూపులల్ల సుత ఇన్ని అడగలే."

"అడగాలి ఆంటీ."

"అడిగినవ్ గద. ఇగ పట్టుకో. నా చెయ్యేమన్న కాలిన పెనమా?"

ఏమంటోందని నర్సు అడిగింది. తొందరపెడుతోందని చెప్పాను.

ఆవిడ భుజం పట్టుకున్నాను. మెత్తగా, వెచ్చగా ఉంది. సూది వేశాను, తీశాను, దూది అద్దాను. తర్వాత, షాపులో అందరికీ చెప్పే అలవాటు కొద్దీ, "భోజనం తర్వాత, ఆంటీ. రోజుకు రెండుసార్లు" అన్నాను.

"దినాం రెండుసార్లు పొడుస్తవా నన్ను?"

నాకు నవ్వు ఆగలేదు. పాసయ్యానని నర్సు చెబుతున్నప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాను.

టీకా వేశాక మనిషిని కాసేపు షాపులో కూర్చోబెట్టి గమనించాలి. ఆ కాసేపట్లోనే ఆంటీ, బీపీ మాత్రలకు వచ్చిన ఒక కివీ ముసలాయనకు తన భుజం చూపించి, నన్ను చూపించి, తనకు వచ్చిన ఇంగ్లీషులో ఏదో నచ్చజెప్పింది. టీకాలు వేయొచ్చని నా కాగితాలు వచ్చాక ఆయన నిజంగానే టీకాకు వచ్చాడు, భార్యను కూడా వెంటబెట్టుకుని. బయట ఈదురుగాలి. ఆవిడ చెయ్యి చల్లగా బిగుసుకుపోయి ఉంది. నా అరచేతుల మధ్య పెట్టుకుని, కాస్త వేడెక్కాక సూది వేశాను.