లక్ష్మీకాంతం పంపని మెసేజ్

గణపవరం బజారులో మెహర్‌ది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. 2008లో ఆమె చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లందరికీ ఒకే నంబరు ఇచ్చింది. తెల్లవారుతుండగా నీళ్లలో ఆక్సిజన్ చాలక చేపలు తలలెత్తితే ఆ నంబరుకి మెసేజ్ పెడతారు. కొట్టులోని కంప్యూటర్ దాన్ని అందరికీ పంపుతుంది. ఇరుగుపొరుగు వాళ్లు ఇంజన్లు తెచ్చి నీళ్లు చిమ్మి చేపల్ని కాపాడతారు.

అక్కడితో ఊరుకుంటే ఆమె మెహర్ ఎందుకవుతుంది? మెసేజ్‌లన్నీ దాచి చూస్తే, ఎలాంటి వాతావరణంలో ఏ చెరువుకి ముప్పో ముందే చెప్పొచ్చనుకుంది. నానా తంటాలు పడి ఆ ఏర్పాటూ చేసింది. చెప్పకుండా దాచడానికి మాత్రం మనసొప్పలేదు. "ఇకమీదట మీ మెసేజ్‌లు కంప్యూటర్‌లో ఉంటాయండీ. ఇష్టం లేనివాళ్లు చెప్పండి" అని అందరికీ పంపింది.

ఎవరూ వద్దనలేదు. ఆ తర్వాత ఎవరూ మెసేజ్ కూడా పెట్టలేదు.

ఇంతలో మబ్బు పట్టింది. చేపలకి గండం ఆ రోజుల్లోనే. అలాంటప్పుడు తెగ మోగే ఫోను ఉలకలేదు, పలకలేదు. మెహర్‌కి అన్నం సయించలేదు. తన ఫోను నుంచి తనే ఒక మెసేజ్ పెట్టి చూసుకుంది. చక్కగా వెళ్లింది. అప్పుడు భయం పట్టుకుంది. పాడైంది ఫోనైతే బాగుచేసుకునేది.

చెరువుల రైతు జోగారావు రీచార్జికి వచ్చి అసలు సంగతి చెప్పాడు. "చేపలు తలలెత్తాయని రాసుంటే, కొనేవాడు రేటు కోసెయ్యడా అమ్మా?"

"నేనెవరికీ చూపించనండీ!"

"నువ్వు చూపించవమ్మా. నీ కంప్యూటర్ సంగతి ఎవరికి తెలుసు?"

దాచడం ఆపేద్దామనుకుంది. కానీ అంత కష్టపడి చేసినదాన్ని తీసెయ్యడానికి ప్రాణం ఒప్పక, రేపు చూద్దాంలే అనుకుంది. అదే ఆమె చేసిన పాపం.

మర్నాడు కొట్టు తీస్తుండగా లక్ష్మీకాంతం వచ్చింది. భర్త పోయాక ఒక్కతే చెరువు చూసుకుంటున్న మనిషి. మోకాళ్ల దాకా చీర తడిసి ఉంది.

"చేపలన్నీ పోయాయమ్మా."

"మెసేజ్ పెట్టలేదేంటండీ పిన్నిగారూ?"

"రాశాను. పంపలేదు. వచ్చే వారం చెరువు పట్టి చేపలు అమ్మాలి కదా, చెరువుకి చెడ్డపేరు వస్తుందని భయమేసింది."

మెహర్‌కి ఏడుపు ఆగలేదు. "నావల్లేనండీ. ఇప్పుడే తీసేస్తాను" అంటూ కంప్యూటర్ దగ్గరికి వెళ్లబోయింది. లక్ష్మీకాంతం ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. నడుముకి దోపిన సంచిలోంచి ఫోను తీసింది. తెల్లవారుజామున ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు అందులో అలాగే ఉంది: నా చెరువులో చేపలు తలలెత్తాయి, ఇంజన్లు తీసుకురండి.

మెహర్ చూస్తుండగానే దాన్ని పంపేసింది. కొట్టులో ఫోను మోగింది. కంప్యూటర్ ఆ మెసేజ్‌ని దాచుకుని, అందరికీ పంపింది.

కాసేపటికి జోగారావు ట్రాక్టరు మీద ఇంజను వేసుకుని బజారులోంచి లక్ష్మీకాంతం చెరువు వైపు దూసుకుపోయాడు. వెనకే ఇంకో ట్రాక్టరు. మెహర్ వాళ్లని ఆపడానికి వీధిలోకి పరిగెత్తింది.

"ఆపకమ్మా," అంది లక్ష్మీకాంతం. "వెళ్లి చూడనీ, మెసేజ్ పంపకపోతే ఏమవుతుందో."