రాకాసి కనబడని సినిమా

ఈ రోజు మధ్యాహ్నం మా ఆయన నన్ను దగ్గరి పట్నం సుంగై పెటానిలో ఇంగ్లీషు సినిమాకు తీసుకెళ్ళారు. ఆయన మేముండే రబ్బరు ఎస్టేటు ఆఫీసులో గుమస్తా. ఎప్పుడూ పక్కన కూర్చుని మాటలకు అర్థం చెబుతుంటారు. ఈ సినిమాలో అసలు మాటలే తక్కువ. ఆకాశం నుంచి ఏదో దిగి ఒక ఇంటి చుట్టూ తిరుగుతుంది. అడుగుల చప్పుడు వినిపిస్తుంది, మొరుగుతున్న కుక్క ఉన్నట్టుండి ఆగిపోతుంది. అంతే. చివరిదాకా ఆ వచ్చినదాన్ని చూపించలేదు.

అడవిలోని తిరుగుబాటుదారుల భయంతో చీకటి పడగానే పెట్టే కర్ఫ్యూకు ముందే బస్సులో ఇంటికి చేరాం. "ఇంత దూరం ఎల్తే రాకాసినే సూపించనేదు. ఇంకెప్పుడూ ఇలాటి సినిమాకి తీసుకెల్లను," అన్నారాయన. నాకు ప్రాణం ఉసూరుమంది. ఎవరూ చెప్పకుండా కథంతా నాకు అర్థమైన సినిమా అదొక్కటే.

అంతలో పక్కింటి పైడమ్మత్త వచ్చింది. ఆమె తోటలో పాల కోసం రబ్బరు చెట్లు గీస్తుంది. "కతేటే పిల్లా?" అని అడిగింది. సిగ్గుపడుతూనే చెప్పాను.

"రాకాసి కనబడకపోతే బయమేటే?"

"తెల్లారి నువ్వు చెట్లకాడికి ఎల్లేటప్పుడు అడివిలో దాక్కున్న తుపాకులోల్లు కనబడతారా అత్తా? అయినా ఒనకవా? అచ్చం అలాగే ఉంటాది."

పైడమ్మత్త లేచి మా వీధి తలుపు మూసి వచ్చింది. బయట ఇంకా ఎండ ఉంది. మా ఆయన ఆ తలుపు వంకే చూస్తూ ఉండిపోయారు. వచ్చే నెల ఇలాంటిదే ఇంకోటి వస్తోందట. తీసుకెళ్ళమని ఆయన్ని ఇప్పుడే అడిగేయనా, మీరేమంటారు?