పాఠకుల రోజు

తెలంగాణ ఉద్యమం గురించి చాలామంది రాశారు. కోరుట్ల దీక్షా శిబిరంలో ఒక మనిషి పేరును నేను ఏ జాబితాలోంచి కొట్టేశానో ఎవరూ రాయలేదు. ఆ సంగతి తెలిసి బాధపడ్డవాళ్ళం ఇద్దరమే. ఒకరు లేరు. కాబట్టి రాయాల్సింది నేనే.

సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు నడిపి, బట్టల దుకాణం గుమాస్తాగా కోరుట్ల వచ్చాను. చదివింది ఏడో తరగతి. మిగతాదంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ గర్వమే. అక్కడి పాత పుస్తకాలకు అట్టలు కుట్టే చాచా ఉర్దూలో చదివింది నాకు తెలుగులో చెప్పేవాడు. గ్రీకుల తత్వాన్ని అరబ్బులు తమ భాషలోకి తెచ్చుకున్నారనీ, స్పెయిన్‌లో ఒక ఖాజీ దానికి రాసిన వ్యాఖ్యానాలను యూరప్ పండితులు కళ్ళకద్దుకుని చదివారనీ ఆయన దగ్గరే విన్నాను. బదులుగా నేను ఫ్రెంచి విప్లవం చెప్పాను. పౌరుణ్ణి ఏ దేవుడికి మొక్కుతావని రాజ్యం అడగకూడదని చెప్పాను.

"అడగకుంట ఉంటరా తమ్మీ? నా పేరు చెప్పి కిరాయికి ఇల్లు అడిగి చూడు."

"గది పుస్తకం తప్పు కాదు చాచా."

"తప్పైతే నేను గింత గట్టిగ కుడ్తనా?" అని నవ్వాడు.

శిబిరంలో రోజుకొక సంఘం కూర్చునేది. ఒకరోజు పద్మశాలీలు, ఒకరోజు ఆటోవాళ్ళు, ఒకరోజు వకీళ్ళు. గ్రంథాలయ పాఠకులకూ ఒక రోజు అడిగి తెచ్చుకున్నాం. జాబితా నేనే రాశాను. మొదటి పేరు చాచాది.

"ముస్లింల దినానికి మంది తక్కువ పడుతున్నరే. మీ చాచాను గిటు రాయి," అన్నాడు శిబిరం చూసుకునే పెద్దమనిషి. రాశాను. పాఠకుల జాబితాలో కొట్టేశాను. చాచాను అడగాలని కూడా తోచలేదు.

చెప్పడానికి దుకాణానికి పోయినప్పుడు ఆయన అట్టకు మైదా బంక పూస్తున్నాడు. చెయ్యి ఆగింది.

"సదువుకునేటోళ్లల్ల కూసుంటనంటి గద తమ్మీ."

"ఏడ కూసున్నా తెలంగాణకే గద చాచా."

"మరి పద్మశాలోళ్ల దినం నువ్వెందుకు కూసుంటలేవు?"

నేనూ పద్మశాలీనే. అప్పుడైనా జాబితా దిద్దవలసింది. దిద్దలేదు.

చెప్పిన రోజే వచ్చి, దండ వేయించుకుని, సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళిపోయాడు. పాఠకుల రోజున నేను మైకులో స్పెయిన్ ఖాజీ గురించి, పౌరసత్వం గురించి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఆయన దుకాణం శిబిరానికి రోడ్డు అవతలే.

తర్వాత గ్రంథాలయానికి కుట్టిన పుస్తకాలు వచ్చేవి, ఆయన రాలేదు. క్షమాపణ రేపు, ఎల్లుండి అంటూ దాటేశాను. జగిత్యాల ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి బస్సెక్కాను.

"ఖాజీ సంగతి మంచిగ చెప్పినవ్. మైకుల ఇనవడ్డది," అన్నాడు.

దానికి నేను బస్సు ఆలస్యమైన సంగతి చెప్పాను. బత్తాయిలు పెట్టి వచ్చేశాను. రాష్ట్రం రావడం ఆయన చూడలేదు.

పాత జాబితా వెతికి ఇచ్చిన గ్రంథాలయం అటెండరుకు, ఇది రాయడానికి ఒప్పుకున్న చాచా బిడ్డకు కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పడం మర్యాదే. కానీ అడగకుండా ఎవరి పేరూ ఎక్కడా రాయనని అనుకున్నాను. ఆ ఇద్దరినీ అడిగాను, వద్దన్నారు. మూడో మనిషిని అడిగే వీలు లేదు.