వదిన కనకాంబరాలు, నాయన తీర్పు

నోటికి తాళం వేసుకోవడం ముసలివాళ్లు చేసే పని అని నేను నమ్మిన కాలం ఒకటుండేది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. పాకాలలో మా సంఘం ఆదివారం బడికి టీచరమ్మను. పిల్లలకు పాఠం చెప్పాలని చదువుతూ, యేసు యూదుడేనని, మొదటి శిష్యులూ యూదులేనని, వాళ్లు యెరూషలేము దేవాలయానికి వెళ్లడం మానలేదని తెలుసుకున్నాను. తెలిసిన సంగతి కడుపులో దాచుకునే గుణం మా వంశంలో లేదు. (అది నాయన వైపు నుంచి వచ్చింది, అమ్మ సాక్షి.)

అప్పుడే మా అన్న, శ్రీ సిటీ ఫ్యాక్టరీలో తనతో పనిచేసే తిరుపతి అమ్మాయిని చేసుకుంటానన్నాడు. వాళ్లది హిందూ కుటుంబం, వాళ్లమ్మకు పూలంగడి ఉంది. ఆ అమ్మాయి బాప్తిస్మానికి ఒప్పుకుంది, పాటలు మాకన్నా బాగా పాడింది. చిక్కంతా జడలోని మూరెడు కనకాంబరాలతోనే. మా సంఘంలో ఆడవాళ్లు పూలు పెట్టుకోరు. అవి మానితేనే బాప్తిస్మం, ఆ తర్వాతే గుడిలో పెళ్లి అని సంఘపెద్ద తేల్చేశాడు. ఆ సంఘపెద్ద మా నాయనే. "నీళ్లల్లో మునుగుతాను గానీ పూలు తియ్యనత్తా. మాయమ్మ అవి కట్టే నన్ను సదివించింది" అని ఆమె మా అమ్మతో చెప్పింది. ఆ క్షణమే ఆమె నాకు వదిన అయిపోయింది.

ఆదివారం ఆరాధన తర్వాత అందరి ముందూ విచారణ జరిగింది. "కొండకు పొయ్యేటప్పుడు మీరు పూలు తీసెయ్యరా? ఈడ తీసేదానికి ఏమి నొప్పి?" అన్నాడు నాయన, గెలిచినట్టు మీసం దువ్వుతూ.

"కొండమీద పూలన్నీ సామికి మామా, అందుకే పెట్టుకోము. ఈడ తీసినవి ఎవురికిస్తారు?" అంది వదిన.

నేను లేచి మైకు అందుకున్నాను. "మొదట్లో అందరూ యూదులే గదా నాయనా. బయటోళ్లు వచ్చి కలిసినప్పుడు, సున్నతి చేయించుకుంటేనే రానిస్తామని కొందరు పట్టుబట్టినారు. యెరూషలేములో పెద్దలు కూర్చోని, అంత బరువు పెట్టొద్దనినారు. ఆ పొద్దు సున్నతే వద్దంటే, ఈ పొద్దు పూలెందుకు తియ్యాల?"

సున్నతి అన్న మాట మైకులో రైల్వే స్టేషను దాకా వినిపించిందట. నాయనను కన్న మా అవ్వ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఊరకనే వదిలేసినారా? ఒక్క షరతూ పెట్టలేదా?" అన్నాడు నాయన. (ఆయన అడగకుండా ఉండవలసింది.)

"పెట్టినారు. రక్తం తినొద్దనినారు."

గుడంతా నాయన వైపు తిరిగింది. మేక రక్తం వేపుడు లేని ఆదివారం ఆయనకు లేదని ఊరందరికీ తెలుసు. అవ్వే ముందుగా తేరుకుంది. "పిల్లను పూలు పెట్టుకోనీ, నువ్వు వేపుడు తిను. లెయ్‌రా, అన్నం సల్లారిపోతాది" అంది.

నాయన లేచి నిలబడ్డాడు. "పెట్టుకోనీ" అన్నాడు చివరికి. వదిన కనకాంబరాలతోనే నీళ్లలో మునిగి లేచింది, పెళ్లి గుడిలోనే జరిగింది. గెలిచానని నేను పాకాలంతా చాటుకుని తిరిగాను. విచారణ జరిగిన మధ్యాహ్నం మాత్రం, అమ్మ వేపుడు వడ్డించబోతే నాయన కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు. "తీర్పు ఒప్పుకున్న్యాక సగమెట్లా ఒప్పుకుంటామే?" అన్నాడు. అప్పటినుంచి ఆయన దాన్ని ముట్టలేదు.

నేను వేపుడు మానలేదు. ఎవరైనా వాక్యం చూపించి తప్పంటే, కూటం పెట్టండి వస్తాను అని ఇప్పటికీ మెడ నిక్కిస్తాను. నాయన మా ఇంటికి వచ్చే ఆదివారాల్లో మాత్రం ఉలవచారు పెడతాను. "ఏమే, నాకు బయపడి వండలేదా?" అంటాడాయన. "నీకు బయపడేదెవురు నాయనా" అంటాను. అని, పక్కింటి వేపుడు వాసన ఆయనకు తగలకుండా, మెల్లగా లేచి కిటికీ మూసేస్తాను.