కత్తెర బాబాయి కొట్టేసిన లైన్లు

రాసినదేదైనా కంటబడితే అందులో సగం కొట్టేస్తేగాని కత్తెర బాబాయికి ముద్ద దిగదు. కూతురి శుభలేఖ దిద్దిపెట్టమంటే పెళ్లికొడుకు డిగ్రీలన్నీ కొట్టేశాడు. వియ్యంకుడు ఇప్పటికీ ఆయనతో ముభావంగానే ఉంటాడు. ఆఫీసులో ఆయన ఎవరికీ బాబాయి కాడు, అయినా అందరికీ బాబాయే.

అలాంటి మనిషి చేతిలో పడింది కొత్త ఇంజనీరు రాసిన ఫైలు. వాళ్ల కంపెనీ తయారుచేసే వెబ్ సర్వర్‌తో పాటు అందరికీ వెళ్లే డిఫాల్ట్ సెట్టింగుల ఫైలు అది. సాయంత్రానికి విడుదల. ఆ అమ్మాయికి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఏ తప్పు దొర్లినా ఇంటికి పంపేస్తారని పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఎందుకైనా మంచిదని ఉన్న సెట్టింగులన్నీ అందులో కుక్కింది.

బాబాయి కళ్లజోడు సవరించుకుని పని మొదలుపెట్టాడు.

"బాబాయ్, అది తీసేస్తే సర్వర్ లేస్తుందా?"

"లేస్తుంది. ఆ విలువ ప్రోగ్రాములోనే ఉంది. ఇక్కడ రాయకపోతే దాన్నే తీసుకుంటుంది."

"ఇదన్నా ఉంచండి. ఎవరికైనా అవసరమైతే..."

"అవసరమైనవాడు రాసుకుంటాడు. మొదటిసారి తెరిచినవాడు ఇంత చూస్తే జడుసుకుంటాడు."

జడుసుకున్నది మాత్రం ఆమె. ఒక్కో లైనూ ఎగిరిపోయింది. చివరికి పోర్టు, ఫోల్డరు, లాగ్ ఫైలు చెప్పే మూడు లైన్లే మిగిలాయి. తన కష్టమంతా మట్టిపాలైందనుకుంది.

సాయంత్రం మీటింగులో మేనేజరు ఫైలు చూసి, "ఇంతేనా?" అన్నాడు. కత్తెర సంగతి తెలిసిందేగా అని అందరూ నవ్వారు.

"సరే, సైటు ఫోల్డర్లో ఉన్న ఫైళ్ల పేర్లన్నీ బయటివాళ్లకి కనబడవుగా? కిందటిసారి అలా వదిలేసినవాణ్ణి పంపించేశాం."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. పరీక్ష కోసం ఆ సెట్టింగు తనే ఆన్ చేసింది. ఆఫ్ చేయడం మరిచిపోయింది. టెస్టరు సైటు అడ్రసు కొట్టి చూశాడు.

"కనబడట్లేదు సార్."

మీటింగు అయ్యాక ఆమె తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్లింది. ఆయన విడుదల ప్రకటనలో విశేషణాలు కొట్టేస్తున్నాడు.

"బాబాయ్, ఆ లైను మీరు చూశారు కదా?"

"ఏ లైను? నేను చదివి కొట్టేస్తానా?"

"నిజం చెప్పండి. అదొక్కటీ కొట్టేస్తే సరిపోయేదిగా?"

బాబాయి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒక్కటే కొట్టేస్తే అందరూ దాన్నే చూస్తారమ్మాయ్."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ, "మీరే లేకపోతే ఈపాటికి నేను సామాను సర్దుకుని, ఇంట్లో ఏం చెప్పాలో తెలీక, మా అమ్మేమో..." అని మొదలుపెట్టింది.

"పొడుగైపోతోంది," అన్నాడు బాబాయి. "కొట్టేసెయ్."