గట్టు రాళ్ళ సందున చారల బల్లి

పొద్దున్నే ఫోను తీస్తే, "నాలుగేళ్ళ కిందట ఇదే రోజు" అంటూ ఒక బల్లి ఫోటో చూపించింది. ఎవరడిగారని? మా మేనకోడలు నా భుజం మీదుగా తొంగిచూసి, "సాలమాండరా అత్తా, ఎంత బాగుందో!" అంది. సాలమాండర్లు మా కొండల్లో ఉండవు, ఇది బల్లే. బాగుందన్నది మాత్రం నిజం. ముదురు రంగు ఒంటి మీద పసుపు పట్టీలు, తోక చుట్టూ ఉంగరాలు. గోడమీది బల్లిలా కాదు, ఇది రెప్పలు ఆర్పుతుంది. అప్పుడే నిద్రలేచిన పసిపిల్లలా చూస్తుంది.

అరకులో మా కొట్టుకు ప్రతి సంతకూ ఒక పెద్దావిడ వచ్చేది. కొండ మీద కాఫీ తోట ఆమెది. నేను అత్తా అనేదాన్ని, ఆమె నన్ను కోడలా అనేది. కింద నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్న మాకు కొండ మీద ఉన్న చుట్టరికం అదొక్కటే. ఆ రోజు తోట చూడ్డానికి వెళ్తే, "కోడలా, బేగి రా, నీకొకటి సూపిత్తాను" అంటూ వాలుకు అడ్డంగా పేర్చిన గట్టులోంచి ఒక రాయి జరిపింది. సందులో ఈ బల్లి. నేను గభాలున వెనక్కి గెంతాను. ఆమె నవ్వింది. "అదేటీ సెయ్యదు. ఊళ్ళో మాత్రం సెప్పకు. ఇసం బల్లి అని సంపేత్తారు."

నేను ఎవరికీ చెప్పలేదు. ఫోటో తీసి, ఎక్కడ తీశానో రాసి, సంత వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, అంతే. చెప్పడమంటే నోటితోనే అనుకునేంత తెలివి నాది. అందులో ఎవరో "కరిస్తే ప్రాణం దక్కదు" అని చేర్చి కొండ మీది ఊరివాళ్ళకు పంపారు.

మర్నాడు ఆమె లేని వేళ నలుగురు కర్రలతో వెళ్ళి దాన్ని చంపారు. ఒకదాన్ని చంపితే జంట పగబడుతుందని వాళ్ళ భయం. జంట కోసం గట్టంతా ఊడదీశారు. అది దొరకలేదు. రాళ్ళు మళ్ళీ పేర్చేలోపే ముసురు పట్టింది. పెళ్ళయిన కొత్తలో ఆమె, మొగుడు కలిసి కట్టుకున్న గట్టు అది. మూడు రోజుల వానకు మట్టి జారి, కాపుకొచ్చిన మొక్కలు కింద పారే గెడ్డలో కలిసిపోయాయి.

నేను వెళ్ళి ఏడ్చాను. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను. తిడుతుందేమో, తిడితే బాగుండునని ఎదురుచూశాను. "సూపించింది నేనే కదా. తప్పు నాదే" అని రాళ్ళు ఏరుకోవడంలో పడింది.

ఇప్పటికీ సంతకు వస్తుంది. ఎదురైతే పక్కకు తప్పుకుని, "బాగున్నారా అమ్మగారూ" అంటుంది. ఫోను మాత్రం ఏటా ఆ ఒక్క రోజునే తెచ్చి నా చేతిలో పెడుతుంది. ఆమె నోట నేను కోడలినైన చివరి రోజు అదే.