సున్నా చూసినవా

నాకు ఎవరైనా ఏదైనా నేర్పుతుంటే ఒళ్ళు మండుతుంది. ఇవాళ కొత్తగా వచ్చిన జబ్బు కాదు. ఈత నేర్పినవాడితో పోట్లాడాను, కారు నేర్పినవాడితో పోట్లాడి సగం దారిలో దిగిపోయాను. అలాంటి నాకు దేవుడు ఏరికోరి ఒక తోడల్లుణ్ణి అంటగట్టాడు. మా ఆవిడకు స్వయానా అక్క మొగుడు. నాకన్నా ఏడేళ్ళు పెద్ద. ఆయనది వరంగల్ వైపు, నాది గుంటూరు. ఇప్పుడు ఇద్దరం అరిజోనాలో, చాండ్లర్‌లో, పది నిమిషాల దూరంలో ఉంటాం. ఆయన నోరు తెరిస్తే పాఠమే. టమాటా మొక్కకు నీళ్ళు ఎలా పోయాలి, గ్రిల్ ఎలా కడగాలి, ఫ్రీవే మీద ఏ లేన్‌లో ఉండాలి. వీటన్నిటికన్నా చిరాకైన సంగతి, ఆయన చెప్పినవి చాలావరకు నిజమే కావడం.

ఇద్దరికీ సిటిజన్‌షిప్ వచ్చాక ఆయన వేటలో దిగాడు, నన్నూ దింపాడు. పాట్‌లక్కు భోజనాల్లో అంకుల్స్ మమ్మల్ని చూసి, "మాంసం కాస్ట్‌కోలో దొరుకుతుంది కదండీ" అని నవ్వేవాళ్ళు. వాళ్ళతో నేను తగువు పెట్టుకునేవాణ్ణి, ఆయన మాత్రం ఓపిగ్గా వాళ్ళకీ పాఠం చెప్పేవాడు. ఎల్క్ అంటే గుర్రమంత ఉండే దుప్పి. దాన్ని వేటాడాలంటే ప్రభుత్వం తీసే లాటరీలో పేరు రావాలి. ఇద్దరం కలిపి ఒకే అప్లికేషన్ పెట్టేవాళ్ళం. అయిదేళ్ళు పెట్టాం. ఆరో ఏడు వచ్చింది.

ఇక తూటాల సంగతి. మా ఇద్దరి రైఫిళ్ళకీ ఒకే రకం తూటా పడుతుంది. పాత రకం, షాపుల్లో ఎప్పుడో గానీ కనపడదు. అందుకని ఆయన కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు, కేసులు అంటారు, దాచుకుని, ఇంట్లోనే మళ్ళీ నింపుకునేవాడు. ఆ వేసవిలో ఒకరోజు ఒక చేతి ప్రెస్సూ, మందుగుండు తూచే తన పాత త్రాసూ, దాన్నే స్కేలు అంటాడు, తెచ్చి మా గరాజ్‌లో పెట్టాడు. "ఇగ నువ్వు నేర్చుకో తమ్మీ. నేనెన్ని రోజులు చేసిస్త?" అన్నాడు.

చేసిమ్మని నేనెప్పుడడిగాను? ఆయనే చేసి, ఆయనే డబ్బాలో పెట్టి, పైన తేదీ రాసి తెచ్చి ఇచ్చేవాడు. సరే, నేర్చుకుందాం అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా మనసులో ఒకే ఒక కోరిక ఉండేది. ఈ మనిషి నోటి నుంచి ఒక్కసారి, పాఠం ఏమీ తగిలించకుండా, "బాగుంది" అనే మాట వినాలి. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆ మాట నేను వినలేదు. నా ఇల్లు చూసి గట్టర్లు బాగా లేవన్నాడు. నా ప్రమోషన్ పార్టీలో బిర్యానీకి ఉప్పు తగ్గిందన్నాడు.

చాండ్లర్ ఎండల్లో గరాజ్ అంటే కుంపటి. పొద్దున్న ఆరింటికే వచ్చి కూర్చునేవాడు. కాలిన కేసును ప్రెస్‌లో పెట్టి మళ్ళీ సైజుకి తేవడం, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ ఎక్కించడం, మందుగుండు పౌడరు తూచి పోయడం, పైన సీసపు బుల్లెట్ బిగించడం. ఇంతే పని. దానికి ఆయన పెట్టిన ఆంక్షలు మాత్రం ఇన్నీ అన్నీ కావు. ఫోన్ లోపల పెట్టి రా. బల్ల మీద ఒక్క పౌడరు డబ్బానే ఉండాలె. తూకాల పుస్తకంల ఉన్నంతనే, ఇంకింత వద్దు. పోసినంక ప్రతి కేసుల లైటేసి చూడు. అన్నిటికీ ముందు, కూర్చున్న ప్రతిసారీ, ఖాళీ స్కేలు ముల్లు సున్నా గీత మీద ఉందో లేదో చూసుకోవాలి.

"సున్నా చూసినవా?"

"చూశాను అన్నయ్యా."

కాఫీ తాగడానికి లేచి వచ్చి కూర్చుంటే మళ్ళీ అదే. "సున్నా చూసినవా?"

నా ఉద్యోగం ఏమిటో తెలుసా? చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో, కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయా లేదా అని కొలవడం. పద్నాలుగేళ్ళుగా నేను తిన్న అన్నం ఆ సున్నా పెట్టిందే. నాకు వచ్చి ఈయన సున్నా గురించి చెప్తాడా! పళ్ళు పటపట కొరుక్కున్నాను. ఆగస్టు దాటేసరికి ఆయన రాకముందే కూర్చుని పని ముగించేయడం మొదలుపెట్టాను. సున్నా చూడటం మానేశాను. మరిచిపోయి కాదు. ఆయన చెప్పాడు కాబట్టే మానేశాను.

వేటకు ఇంకా పన్నెండు రోజులుందనగా దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను, ఇంట్లోంచే. మా ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏవండీ, గరాజ్‌లో మీ సామాన్లకి కూడా బొట్టు పెట్టనా?" అంది. నేను మాట వినకుండానే చెయ్యి ఊపాను. పెట్టుకో పెట్టుకో, ముందు వెళ్ళు, అన్నట్టు.

ఆమె శ్రద్ధగా పెట్టింది. రెండు కార్లకు, మిక్సీకి, నా లాప్‌టాప్‌కు, డ్రిల్లుకు, ప్రెస్‌కు, స్కేలుకు. తడి పసుపు, దాని మీద కుంకుమ, ఒక్కోదానికి ఒక్కో బంతిపువ్వు. సాయంత్రం నేనే ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ దండాలు పెట్టారు. ఆయన కూడా పెట్టాడు.

మర్నాడు పూలు తీసేసి, కూర్చుని ఇరవై తూటాలు చేశాను. ప్రతి కేసుకూ విడిగా పౌడరు తూచి పోశాను. చెయ్యి వణకలేదు, ఒక్క గింజ అటూ ఇటూ కాలేదు. చూడ్డానికి ముచ్చటేసింది. ఆ సాయంత్రం ఆయన వచ్చి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు, వేలితో రుద్దాడు, లైటు కింద పెట్టాడు. ఇప్పుడేం వంక పెడతాడో అని నేను చూస్తున్నాను.

"నాకో పది ఇయ్యి" అన్నాడు. "ఈసారి నీ చేతివే కాలుస్త."

బాగుంది అనలేదు గానీ, దాని పక్కింటి దాకా వచ్చాడు. ఆ రాత్రి అన్నం కూడా ఎక్కువ తిన్నాను.

శనివారం పొద్దున్న ఊరి బయట ఎడారిలో ఉన్న షూటింగ్ రేంజ్‌కు వెళ్ళాం. రైఫిల్ గురి సరిచూసుకోవాలి కదా. ఆయనే ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. నా తూటా పెట్టాడు, కాల్చాడు.

చప్పుడు తేడాగా ఉంది. చెవులకు మఫ్ పెట్టుకున్న నాకే తెలిసింది. ఆయన తల వెనక్కి కొట్టుకుంది. తూటా వెనక మూసే బోల్ట్ పక్కనుంచి బుస్సుమని ఏదో చిమ్మింది. కళ్ళద్దాల కుడివైపు మసి, కింద చెంప మీద నల్లటి చుక్కలు. బోల్ట్ ఎత్తబోతే కదల్లేదు. ఆయన అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఎంత పోసినవ్?"

"పుస్తకంలో ఉన్నంతే."

"సున్నా చూసినవా?"

"చూశాను" అన్నాను.

అంత సులువుగా వచ్చేసింది నోట్లోంచి. ఆయన ఇంకేమీ అనలేదు, చెంప తడుముకుంటున్నాడు, అంతే. అలా అనకుండా ఉండటమే నాకు తిక్క రేపింది. ఇక నోటికొచ్చినట్టు మొదలుపెట్టాను. మీ రైఫిలే ముసలిది అన్నాను. మీ డొక్కు స్కేలు నాకంటగట్టారు అన్నాను. "మీరు నేర్పిందే నేను చేశాను. తప్పంటూ ఉంటే మీరు నేర్పడంలో ఉంది" అని, పక్క బల్లల దగ్గర ఉన్న తెల్లవాళ్ళు తిరిగి చూసేలా అరిచాను. ఆయన చెక్క సుత్తితో బోల్ట్ మెల్లగా తట్టి తెరిచి, సంచి సర్దుకున్నాడు.

ఇంటికొస్తూనే తిన్నగా గరాజ్‌లోకి వెళ్ళాను. నాదేం తప్పు లేదని రుజువు చేయడానికే వెళ్ళాను, ఇంకెందుకూ కాదు. ఖాళీ పళ్ళెం పెట్టి ముల్లు చూశాను. ముల్లు గీత మీద లేదు. స్కేలు చేతికి ఒక పక్క పళ్ళెం, ఇంకో పక్క తూకపు రాయి. ఆ రాయి ఉన్న వైపు, చివరన, ఎండిపోయిన పసుపు బొట్టు. దాని మీద కుంకుమ. ఆ బరువుకు సరిపడా అటు పక్క పౌడరు ఎక్కువ పోస్తూ వచ్చాను, ఇరవై సార్లు. గోటితో గీకాను. ముల్లు మెల్లగా లేచి వచ్చి గీత మీద నిలబడింది.

పద్నాలుగేళ్ళ సర్వీసు నాది! ఛీ.

ఫోన్ తీసి గ్రూపులో ఫోటో చూశాను. బొట్టు కనపడుతూనే ఉంది, పచ్చగా. చూసి అందరూ దండం పెట్టారు. ఫోటో తీసేస్తే, బొట్టు ఎటూ గీకేశాను కాబట్టి, ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చి కాసేపు కూర్చుంది కూడా.

మర్నాడు ఆయన ఫోన్ చేశాడు. "రైఫిల్ గన్‌స్మిత్‌కు ఇస్తున్న. లోపం ఏడుందో ఎతకాల్నంట, మూడు వారాలన్నడు. ఈసారికి నువ్వొక్కనివే పో. మల్ల నా పాత స్కేలు పారెయ్, దాన్ని నమ్మకు." ఆరేళ్ళు ఎదురుచూసిన వేట వదులుకుంటున్నాడు, తప్పు తన సామాన్లదే అనుకుని. నేను "సరే అన్నయ్యా" అని పెట్టేశాను.

పక్కనే ఉన్న మా ఆవిడ, "బావగారికి ఏమైంది?" అంది. ఉక్రోషంలో కక్కేశాను. "ఏమైందా? నువ్వు పెట్టిన బొట్టు అయింది" అని, రేంజ్‌లో జరిగిందంతా చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. "అడిగాను కదండీ, పెట్టనా అని" అంది. తర్వాత, "కన్ను పోయుండేదా?" అంది. ఆ మాట నేను ఆ క్షణం దాకా అనుకోలేదు, అనుకోకుండా జాగ్రత్తపడ్డాను. ఆమె చెప్పులేసుకుంటోంది. "నేనే వెళ్ళి బావగారికి చెప్తాను, నా వల్లే అని."

ఇంకేం చేస్తాను? నేనే వెళ్ళాను. వెళ్తూ దారి పొడుగునా ఆయన్నే తిట్టుకున్నాను. తలుపు తీయగానే, కూర్చోకుండానే, అరిచినట్టే చెప్పాను. "బొట్టు పెట్టింది స్కేలు మీద. సున్నా చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను. చాలా?"

ఆయన చెంప మీద చుక్కలు ఇంకా ఉన్నాయి. "మిగిలినయి తెచ్చినవా?" అన్నాడు.

తెచ్చాను. తన బల్ల దగ్గర కూర్చోబెట్టి, నా పదీ తన దగ్గరున్న తొమ్మిదీ, మొత్తం పంతొమ్మిదీ ఒక్కొక్కటే విప్పించాడు. ప్రతి దాంట్లోంచీ పౌడరు తన స్కేలు మీద పోసి, కాగితం మీద రాశాడు. గంటన్నర పట్టింది. చివరికి కాగితం నా ముందుకు జరిపాడు. పంతొమ్మిది వరసలు, ఒకటే అంకె.

"ఒక్కటి గూడ తేడా లేదు" అన్నాడు. "అన్నీ ఒక్క తీరు తప్పు."

అంతే అన్నాడు. తిట్టలేదు. సంగతి తెలిశాక గన్‌స్మిత్ వెతుక్కునే పని లేక రెండు రోజుల్లో చూసిచ్చాడు, రైఫిల్‌కు ఏమీ కాలేదు. ఆయన ఫ్లాగ్‌స్టాఫ్ దాకా పోయి ఎక్కడో ఒక డబ్బా తూటాలు పట్టుకొచ్చాడు. ఇద్దరం వెళ్ళాం. పైన్ అడవిలో నాలుగు రోజులు తిరిగాం. మూడో రోజు ఆయనకు ఎల్క్ దొరికింది, కొన్న తూటాతో. నాకు దొరకలేదు. మాంసం సగం నాకే పంపాడు, ప్యాకెట్ల మీద తేదీలు రాసి.

ఇది జరిగి రెండేళ్ళు. ఈ వేసవిలో ఒక ఆదివారం పొద్దున్న ఆయన ఏదో పని మీద వచ్చి గరాజ్‌లో కూర్చున్నాడు. నేను తూటాలు చేసుకుంటున్నాను. కావాలనే బల్ల మీద రెండో పౌడరు డబ్బా తెచ్చి పెట్టాను. ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. అరుస్తాడని చూశాను. ఆయన డబ్బా చూశాడు, ఫోన్ చూశాడు, తన కాఫీ కప్పు కొంచెం పక్కకు జరుపుకున్నాడు.

"ఎండలు బాగ ముదిరినయ్" అన్నాడు.

స్కేలు ముందుకు లాక్కుని, సున్నా చూడకుండా పౌడరు పొయ్యబోయాను. చెయ్యి గాల్లోనే ఆపి నిలబెట్టాను, ఆయన అనేదాకా ఉందామని. ఆయన కాఫీ ముగించి లేచాడు. ఇక ఆగలేకపోయాను.

"సున్నా చూశావా అని అడగరేం అన్నయ్యా?"

"నీకు తెల్వనిదా?" అని నవ్వి, కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎంత మర్యాదగా అన్నాడో మహానుభావుడు! ఇన్నేళ్ళూ నేను మొక్కుకున్నది ఇదే కదా, ఈ మనిషి నాకు పాఠం చెప్పకుండా ఉండాలని. పౌడరు తిరిగి డబ్బాలో పోసేసి, రెండో డబ్బా తీసి అల్మారాలో పెట్టి, ఖాళీ పళ్ళెం పెట్టి సున్నా చూశాను. సరిగ్గానే ఉంది. మళ్ళీ చూశాను.